సాయం తీసుకోవడం నేర్పిన మేడమ్

మా బాటనీ మేడమ్ పోయారన్న కబురు నాకు మిరపచేలో ఉండగా తెలిసింది. పోయిన వారం, పొద్దున పూట. ఆకులు ముడుచుకుపోతున్నాయని ఒక రైతు పిలిస్తే చూడ్డానికి వెళ్ళాను. ఆకు తిరగేసి అడుగున పురుగుందేమోనని చూస్తుండగా ఫోను మోగింది. ఇంటర్‌లో నాతో చదువుకున్న స్నేహితురాలు. "మేడమ్ పోయారే" అని ఒక్క మాట అంది. ఆ రైతు నా మొహం చూసి, చేనుకేదో పెద్ద తెగులే వచ్చిందనుకుని, "ఏంటమ్మా, పీకెయ్యాల్సిందేనా?" అని అడిగాడు. అదేం లేదని చెప్పి, కొట్టాల్సిన మందు పేరు రాసిచ్చి, గట్టు మీదికొచ్చి కూర్చున్నాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. కాలేజీలో మాకే కాదు, టౌన్లో ఆటోవాళ్ళకీ, బ్యాంకులో గుమాస్తాలకీ కూడా ఆవిడ బాటనీ మేడమే. నా సర్టిఫికెట్లలో ఎక్కడా ఆవిడ పేరుండదు. నేను ఈవేళ చేస్తున్న ఉద్యోగానికి, ఇలా చేల గట్ల మీద తిరగడానికి ఆవిడే కారణమని చెబితే ఒప్పుకునేవారు కాదు. అందుకని పోయాక రాస్తున్నాను.

మాది ప్రభుత్వ జూనియర్ కాలేజీ. ల్యాబు అని బోర్డున్న గదిలో బల్లలుండేవి, సామాన్లుండేవి కాదు. మేడమ్ వచ్చేదారిలో ఏ కంచె మీద పువ్వు దొరికితే అది కోసుకొచ్చేవారు. జడలోంచి పిన్ను తీసి, ఆ పిన్నుతోనే పువ్వును పొరలు పొరలుగా విప్పి చూపించేవారు. క్లాసయ్యాక పిన్ను చీరకొంగుకు తుడిచి మళ్ళీ జడలో పెట్టుకునేవారు. ఏ ఆకు చేతికిచ్చినా ముందు వాసన చూసి, తరవాతే పేరు చెప్పేవారు. ఎవరింటికెళ్ళినా టీ వద్దనేవారు. మంచినీళ్ళు మాత్రం అడిగి మరీ, గ్లాసు నిండా తాగేవారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆవిడ ఏ విద్యార్థికీ డబ్బు ఇచ్చేవారు కాదు. పరీక్ష ఫీజు కట్టలేక ఏడుస్తూ నిలబడ్డా పర్సు తీసేవారు కాదు. వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి తీసుకెళ్ళి గడువు అడిగించేవారు. ఆఫీసులో ఏ స్కాలర్‌షిప్పు ఉందో, ఎందుకు ఆగిందో మాచేతే అడిగించేవారు. పక్కన నిలబడేవారు తప్ప మా తరఫున మాట్లాడేవారు కాదు. పెళ్ళిలేదు, పిల్లల్లేరు, జీతమంతా ఏం చేసుకుంటుంది అని బయట అనుకునేవాళ్ళు. పిసినారి మేడమ్ అని మాలో కూడా కొందరు అనేవాళ్ళు.

మా పల్లె గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసేచోట ఉంటుంది. మేం దూదేకులవాళ్ళం. తాత దూది పోగు సాగదీసి చూసి, ఏకి, పరుపులు కుట్టేవాడు. నాన్న సేద్యంలోకి దిగాడు. సొంత చెక్క పొలం లేదు, అంతా కౌలే. సగం మిరప, సగం పత్తి. నాకు చిన్నప్పటి నుంచీ వ్యవసాయ డిగ్రీ చదవాలని కోరిక. ఎంట్రన్సులో ర్యాంకు వచ్చింది గానీ అంచున వచ్చింది. రైతు కోటా ఉంటే సీటు వచ్చేదే. ఆ కోటాకు అమ్మానాన్నల పేరున భూమి ఉండాలి. రోజూ చేలో ఉండేది మా నాన్నే అయినా, పాసుపుస్తకంలో ఉన్న పేరు హైదరాబాదులో ఉండే ఒకాయనది. మొదటి విడత కౌన్సెలింగులో నాకేమీ రాలేదు.

అప్పుడు మందుల షాపాయన కబురు చేశాడు. మా చుట్టుపక్కల ఊళ్ళకు పురుగుమందులు, ఎరువులు ఆయన దగ్గరే. నాన్న ప్రతి ఏడూ అక్కడ అరువు మీద తెచ్చుకుని, కాయలు అమ్మాక కట్టేవాడు. ఆయన నాన్నను కూర్చోబెట్టి, ప్రైవేటు కాలేజీలో వ్యవసాయ డిగ్రీ సీటు తను ఇప్పిస్తానన్నాడు. ఫీజులూ, హాస్టలూ, పుస్తకాలూ అన్నీ తనే చూసుకుంటానన్నాడు. అడిగింది ఒక్కటే. షాపు లైసెన్సుకు డిగ్రీ చదివినవాళ్ళు ఒకరుండాలి. ఆయన కొడుకు చదువు మధ్యలో మానేశాడు. నేను పాసయ్యాక నా సర్టిఫికెట్టు ఆయన షాపులో పెట్టి, కాగితాల మీద సంతకాలు చేయాలి. ఎన్నాళ్ళు అని నాన్న అడగలేదు, ఆయన చెప్పలేదు.

నాన్న ఆరోజు మిఠాయి పొట్లంతో ఇంటికొచ్చాడు. నాకూ సంతోషంగానే ఉంది. మర్నాడు కాలేజీకెళ్ళి మేడమ్‌తో చెప్పాను. ఆవిడ అభినందించలేదు, కాదనలేదు. మీ ఇంటికి ఎప్పుడు రావచ్చో కనుక్కుని చెప్పమన్నారు. ఆ ఆదివారం ఆటోలో మా పల్లెకొచ్చారు.

అది మిరపనారు చేలో నాటే సమయం. ఇంటి ముందు మంచం వాల్చాం. మేడమ్ నీళ్ళు తాగి, మా ముందున్న దారులన్నీ మాచేతే చెప్పించారు. షాపాయన సాయంతో ప్రైవేటు కాలేజీ ఒకటి. అదే కాలేజీకి బ్యాంకు అప్పు ఇంకొకటి. కానీ అంత పెద్ద మొత్తానికి బ్యాంకువాళ్ళు హామీగా ఆస్తి అడుగుతారు, అది మాకు లేదు. చివరి విడత దాకా ఆగి ప్రభుత్వ కాలేజీలో ఏది వస్తే అది తీసుకోవడం మరొకటి. అక్కడ ఫీజు ప్రభుత్వం తిరిగి కడుతుంది గానీ మెస్ ఖర్చు మాదే, పైగా ఏదీ రాకపోతే ఏడాది పోతుంది. ఇవేవీ కాకపోతే టౌన్లోనే మామూలు డిగ్రీ, ఇంటి నుంచే వెళ్ళిరావచ్చు.

ఒక్కొక్కటీ చెప్పాక మేడమ్ నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "ఇది మధ్యలో ఆగిపోతే నువ్వెక్కడుంటావు?"

టౌన్లో డిగ్రీ ఆగిపోతే ఇంట్లో ఉంటాను. ప్రభుత్వ కాలేజీలో ఫీజు ఆలస్యమైతే కాలేజీకి బాకీ పడి ఉంటాను. షాపాయన సాయం రెండో ఏట ఆగిపోతే? ఆయనకు వ్యాపారం దెబ్బతింటే? నాన్నకూ ఆయనకూ అరువు లెక్క దగ్గర మాట తేడా వస్తే? చదువు సగంలో ఉంటుంది, అప్పటిదాకా పెట్టిందంతా మా నెత్తిన ఉంటుంది.

నాన్నకు కోపం వచ్చింది. "మీకేం మేడమ్ గారూ, చెప్పేసి ఆటో ఎక్కుతారు. రేపు నాటేశాక మందెవరిస్తారు మాకు?" అన్నాడు. మేడమ్ నొచ్చుకోలేదు. నిజమేనని ఒప్పుకున్నారు. ఆ కష్టం పడేది మీరు గనక నిర్ణయం నేను చెప్పనని, చెప్పడానికి రాలేదని అన్నారు. ఆ తరవాత అమ్మ వైపు తిరిగి, మీరేమంటారని అడిగారు.

అమ్మ అప్పటిదాకా గడప దగ్గర కూర్చుని కందులు చెరుగుతోంది. చదువు సంగతుల్లో అమ్మను ఎవరూ ఏమీ అడగరు. చేట పక్కన పెట్టింది. "మందు ఆయనది, సంతకం మా పిల్లది. ఆ మందు కొట్టి చేను మాడిపోయినోడు రేపు ఎవరింటి మీదికొస్తాడమ్మా?" అంది.

ఆ ముందు ఏడే మా మేనమామ చేను అలాగే పోయింది. ఏదో నాసిరకం మందు కొట్టాక రెండు రోజుల్లో పూతంతా రాలిపోయింది. మామ పోయి వాళ్ళ ఊరి షాపులో అడిగితే, కాగితం మీద సంతకం ఎవరిదో వాళ్ళనడుక్కో అన్నారట. ఆ సంతకం చేసినతను ఎక్కడో వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్నాడు.

మేడమ్ లేచారు. రెండు రోజులు నాన్న నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు కాలేజీకి తనే వచ్చాడు. చెట్టు కింద చెప్పులు విప్పి నిలబడి, వద్దని చెప్పేద్దామండీ, కానీ నేనొక్కణ్ణే వెళ్ళి చెప్పలేను అన్నాడు. మేడమ్ స్టాఫ్‌రూములోకెళ్ళి గొడుగు తెచ్చుకుని, పదండి అన్నారు.

షాపాయన మంచివాడే. ఈ సంగతి రాయకపోతే ఆయనకు అన్యాయం చేసినట్టవుతుంది. కుర్చీలు వేయించాడు, కూల్‌డ్రింకులు తెప్పించాడు. నాన్న నసుగుతూ చెప్పిందంతా విని, కోపం కంటే ఎక్కువగా చిన్నబుచ్చుకున్నాడు. ఈ అమ్మాయిని చదివించాలనుకున్నానే గానీ తప్పుడు పనేం అడగలేదే అని మేడమ్‌తో అన్నాడు.

"మీరు తప్పు అడగలేదండీ" అన్నారు మేడమ్. "ఈ పిల్ల ఇంకా చదవనేలేదు. చదివాక తన సంతకం ఎక్కడ పెట్టాలో అప్పుడు తనే చెప్పుకోవాలి. ఇప్పుడే మనం మాట ఇచ్చేస్తే ఎలా?"

ఆయన నాన్న వైపు తిరిగి, సరే మస్తాన్, నీ ఇష్టం, ఈ ఏడు మాత్రం రొక్కానికే తీసుకెళ్ళు అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. బయటికొచ్చాక నాన్న చొక్కా వీపంతా చెమటకు తడిసి ఉంది. మేడమ్ ఆయనకు ధైర్యం చెప్పలేదు. బస్టాండు దాకా మాతో నడిచారు. దారిలో నాన్నను, రొక్కానికైతే ఎంత చేను చేయగలరో అడిగారు. ఆ ఏడు నాన్న మిరప సగానికి తగ్గించి, మిగతా చేలో కంది వేశాడు. అమ్మ కూలికి ఇంకో ఊరు వెళ్ళేది. ఆ సాయం కాదన్నందుకు మేం కట్టిన ఖరీదు అది. తేలిక ఖరీదేం కాదు.

చివరి విడతకు ముందు సర్టిఫికెట్ల పరిశీలనకని గుంటూరు వెళ్ళాల్సి వచ్చింది. నాన్నకు పొలం పని, మేడమ్ వచ్చారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఉన్నారు. నాకు ఎప్పటి నుంచో అడగాలనున్న మాట అడిగేశాను. మీరెవరికీ డబ్బులెందుకివ్వరు మేడమ్ అని.

ఆవిడ నవ్వారు. పిసినారినని అంటారు కదా, నాకు తెలుసులే అన్నారు. ఆ తరవాత తన సంగతి చెప్పారు. చిన్నప్పుడే తండ్రి పోతే, కనిగిరిలో కొండకు దగ్గరగా ఉన్న మేనమామగారింట్లో పెరిగారు. ఆయన చదివించాడు. ఏ లోటూ చేయలేదు, ఒక్క మాట అనలేదు. కానీ ఇంటికి ఎవరొచ్చినా ఈవిణ్ణి పిలిచి, ఇది మేం చదివిస్తున్న పిల్ల అని చూపించేవాళ్ళు. క్లాసులో ఫస్టొస్తే వాళ్ళను మెచ్చుకునేవాళ్ళు. మార్కులు తగ్గితే ఈవిడ తలదించుకోవాలి. ఉద్యోగం వచ్చాక, పెళ్ళిచూపుల దాకా వచ్చిన ఒక సంబంధం మేనమామకు నచ్చకపోతే ఆయన్ను కాదనలేక వదులుకున్నారు. ఆయన వద్దని కూడా అనలేదట. మొహం కాస్త అదోలా పెట్టాడంతే.

"ఆయన బతికున్నంతకాలం ఆయన ముందు నేను కాలు మీద కాలేసుకుని కూర్చోలేదు నాగూర్‌బీ. ఆయనెప్పుడూ వద్దనలేదు. నాకే చేతకాలేదు" అన్నారు. "నేను మీకు డబ్బిస్తే, మీరు నా ముందు అలాగే నిలబడతారు. నాకది చూడాలని లేదు."

ఒలిచిన గింజలు కొన్ని నా చేతిలో పోశారు.

చివరి విడతలో నాకు సీటొచ్చింది. వ్యవసాయంలో కాదు, ఉద్యాన డిగ్రీలో. కాలేజీ రాయలసీమ వైపు, చాలా దూరం. ఫోనులో చూసుకుని ఏడ్చాను. కోరుకున్నది కాదని ఏడుపు. పువ్వులూ పండ్లూ చదివి ఏం చేస్తానని మేడమ్ దగ్గర అంటే, ఆవిడ ఒక్క ప్రశ్న అడిగారు. మీ నాన్న వేసే మిరప ప్రభుత్వంలో ఏ శాఖ కిందికొస్తుందో తెలుసా అని. నాకు తెలియదు. ఉద్యాన శాఖే అన్నారు. ఆ సాయంత్రమే అమ్మ నా బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

మొదటి ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడాది ఫీజు డబ్బులు ప్రభుత్వం నుంచి రాలేదు. ఇవాళ, రేపు అన్నారు, నెలలు గడిచాయి. మెస్ బాకీ పెరిగింది. బాకీ ఉన్నవాళ్ళకు హాల్‌టికెట్లు ఇవ్వమని నోటీసు పెట్టారు. మేడమ్‌కు ఫోను చేసి చెప్పాను. మర్నాటికి రైలెక్కి వచ్చేశారు. హాస్టల్ గేటు దగ్గర నన్ను చూడగానే, "నా లెక్క తప్పింది. ఆలస్యమవుతుందనుకున్నాను గానీ ఇంతనుకోలేదు" అన్నారు.

పెద్దవాళ్ళు, అందులోనూ టీచర్లు, ఆ మాట అనడం నేను అప్పటిదాకా వినలేదు. ఇద్దరం ప్రిన్సిపాల్ గారి దగ్గరికెళ్ళాం. నాతోపాటు అదే బాధలో ఉన్న పిల్లలందరినీ మేడమ్ పిలుచుకురమ్మన్నారు. గది నిండిపోయింది. మేడమ్ తలుపు దగ్గరే ఆగిపోయి, మాట్లాడమని నన్ను ముందుకు పంపారు. ప్రభుత్వం డబ్బు వచ్చేదాకా ఫీజు కోసం పరీక్షలు ఆపొద్దు అన్నాను. ప్రిన్సిపాల్ గారు పైవాళ్ళతో మాట్లాడి ఒప్పుకున్నారు. కానీ మెస్ బాకీ మాత్రం కట్టి తీరాలన్నారు.

దానికి బ్యాంకుకు వెళ్ళాం. ప్రభుత్వ కాలేజీ సీటు, చిన్న మొత్తం కాబట్టి ఆస్తి హామీ అడగలేదు. నాన్న వచ్చి సంతకం పెట్టాడు. అప్పు అంటే మా ఇంట్లో షాపాయన అరువొక్కటే తెలుసు. అందుకని నాకు భయం వేసింది. వడ్డీ ఎలా పడుతుందో, ఎప్పటి నుంచి కట్టాలో, కట్టలేకపోతే ఏం చేస్తారో, అన్నీ మేడమ్ మేనేజరును నాచేతే అడిగించారు. బయటికొచ్చాక కూడా నేను బెంగగా ఉంటే అన్నారు, "బ్యాంకు వడ్డీ అడుగుతుందమ్మా. మనిషిని అడగదు."

ఆ అప్పు నేను ఉద్యాన శాఖలో ఉద్యోగంలో చేరాక తీర్చాను. తీరిందని బ్యాంకువాళ్ళిచ్చిన కాగితం పట్టుకుని ఒంగోలు వెళ్ళాను. అప్పటికి మేడమ్ రిటైరై అక్కడ చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. ఆ కాగితం చూసి, బాగుంది, అమ్మకు చూపించావా అని అడిగారు. అంతే. ఆ పూట మాటంతా మిరపలో కొత్తగా వచ్చిన తామర పురుగు గురించే. పూతలో దూరి రసం పీల్చేస్తోందని చెబితే, ఒక పువ్వు తెచ్చి ఉండాల్సింది కదే అని నొచ్చుకున్నారు.

షాపాయన ఇప్పటికీ ఉన్నాడు. తనిఖీకి వెళ్ళినప్పుడు కుర్చీ వేసి, మేడమ్ అని పిలుస్తాడు. నాకే ఇబ్బందిగా ఉంటుంది. లైసెన్సుకు వేరెవరిదో సర్టిఫికెట్టు పెట్టుకున్నాడు. నాన్నతో మాత్రం మునుపటిలా లేడు. ఎదురుపడితే పలకరించుకుంటారు, అంతవరకే. అన్నీ సర్దుకున్నాయని రాయాలని నాకూ ఉంటుంది. సర్దుకోలేదు.

మేడమ్‌ను పోయిన వేసవిలో చివరిసారి చూశాను. మనిషి బాగా తగ్గిపోయారు. గుండె బలహీనంగా ఉందని డాక్టర్లు అన్నారట. చుట్టుపక్కల ఊళ్ళలో తల్లిదండ్రులు ఈమధ్య నా దగ్గరికి వస్తున్నారని, ఏ కాలేజీ మంచిది, ఎవరి సాయం తీసుకోవచ్చు అని అడుగుతున్నారని, ఏం చెప్పాలో తెలియడం లేదని అన్నాను. వాళ్ళ ఇళ్ళకు వెళ్తున్నావా అని అడిగారు. లేదన్నాను. వెళ్ళు అన్నారు. వెళ్ళి కూర్చో, చెప్పకు, అడుగు అన్నారు. ఆయాసం వస్తే కాసేపు ఆగి, ఇంట్లో ఎవర్ని ఎవరూ అడగరో వాళ్ళను కూడా అడగమన్నారు.

అప్పటి నుంచి అలా కొన్ని ఇళ్ళకు వెళ్ళాను. ఒక పత్తి రైతు కూతురు నేను వద్దనుకున్న దారే తీసుకుంది. ఒక మిల్లు యజమాని సాయంతో చదువుతోంది. అన్నీ అడిగి, గడువు కూడా మాట్లాడుకుని, తెలిసే తీసుకుంది. ఆ సంగతి మేడమ్‌కు ఫోనులో చెబితే, సంతోషపడ్డారు. నేను దిగులుగా చెప్పాను, ఆవిడ సంతోషపడ్డారు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడిప్పుడే కొంచెం అవుతోంది.

కబురు తెలిసిన రోజే ఒంగోలు వెళ్ళాను. నాన్న కూడా వచ్చాడు. పొద్దున కాఫీ తాగి, కుర్చీలో కూర్చునే పోయారని వాళ్ళ చెల్లెలు చెప్పింది. మొహం ప్రశాంతంగా ఉంది. నాన్న ఆవిడ పాదాల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి గానీ ఏమన్నాడో నాకు వినపడలేదు.

తిరిగి వస్తుంటే పొద్దు వాలింది. మా బస్సు ముందు పత్తి లారీ ఒకటి నిండుగా తూగుతూ పోతోంది. కట్టిన పట్టా సందుల్లోంచి దూది కొంచెం కొంచెంగా లేచి, రోడ్డు పక్కన తుమ్మ కొమ్మలకు చిక్కుకుంటోంది. నాన్న కిటికీ అద్దం పూర్తిగా తోసి చెయ్యి బయట పెట్టాడు. ఒక పీచు వచ్చి ఆయన వేళ్ళకు అంటుకుంది. దాన్ని రెండు వేళ్ళ మధ్య మెల్లగా సాగదీసి, పోగు పొడుగెంతో చూసుకుంటూ, మా ఊరొచ్చేదాకా అలాగే కూర్చున్నాడు.